స్కీమ్ పనిచేసిందని మనకెలా తెలుస్తుంది? మూల్యాంకనం నేర్చుకోవాలనుకునే వాళ్ల కోసం

 

ఈ ఎపిసోడ్‌లో ఒక ఉద్యోగం గురించి, ఆ ఉద్యోగానికి కావాల్సిన ట్రైనింగ్ గురించి మాట్లాడుకుందాం. దీన్ని ఇంగ్లిష్‌లో ఎవాల్యుయేషన్ అంటారు, తెలుగులో మూల్యాంకనం. మూల్యాంకనం అనగానే మనకు పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ సెంటర్లే గుర్తొస్తాయి. ఇది ఆ పని కాదు. ప్రభుత్వమో, స్వచ్ఛంద సంస్థో ఒక పథకం పెట్టింది. దాని వల్ల జనానికి నిజంగా మేలు జరిగిందా, జరిగితే ఎంత జరిగింది, పెట్టిన ఖర్చుకు అది తగినదేనా అని తేల్చే పని ఇది.

నేను సర్వే టీములకు ట్రైనింగ్ ఇస్తుంటాను. డిగ్రీ అయిపోయిన పిల్లలు, ఎమ్మెస్‌డబ్ల్యూ చేసినవాళ్లు, ఎకనామిక్స్ చదివినవాళ్లు, బీటెక్ చేసి ఇటువైపు వచ్చినవాళ్లు క్లాసుకి వస్తారు. మొదటి రోజు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు, "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను. ముందు నేర్చుకోవాల్సింది ఒక ప్రశ్న. ఆ ప్రశ్న అర్థమైతే సగం కోర్సు అయిపోయినట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి అంకెలు నేనే కల్పిస్తున్నాను. ఒక ఊళ్లో ఉచిత స్కిల్ సెంటర్ పెట్టారు. వంద మంది చేరారు. ఒక్కొక్కరి మీద 20 వేలు ఖర్చు పెట్టారు, మొత్తం 20 లక్షలు. ఏడాది తర్వాత చూస్తే 60 మందికి ఉద్యోగాలొచ్చాయి. వెంటనే ఫ్లెక్సీ కట్టేస్తారు. "60 శాతం ప్లేస్‌మెంట్స్!" ఒక్కో ఉద్యోగానికి 33 వేలు పడింది, భలే చవక అంటారు.

ఇప్పుడు ప్రశ్న. ఆ సెంటర్ లేకపోతే ఏమయ్యేది?

ఆ 60 మందిలో కొందరికి ఎలాగూ ఉద్యోగం వచ్చేదే కదా! మేనమామ హైదరాబాద్‌లో పని ఇప్పించేవాడు, లేదంటే ఆ ఏడాది పక్కనే కొత్త ఫ్యాక్టరీ పెట్టి ఉండొచ్చు. సెంటర్‌కి రాకముందు, వచ్చిన తర్వాత అని పోల్చితే ఇవన్నీ సెంటర్ ఖాతాలోకే వెళ్లిపోతాయి.

పోనీ, చేరినవాళ్లని చేరనివాళ్లతో పోల్చుదామా? అక్కడా చిక్కే. పొద్దున్నే లేచి, బస్సెక్కి, ఆరు నెలలు క్లాసుకి వచ్చేవాడికి ముందునుంచే పట్టుదల ఎక్కువ. ఇంట్లో పంపే స్తోమత కూడా ఉండి ఉంటుంది. ఇద్దరి మధ్య తేడా సెంటర్ వల్ల వచ్చిందా, పట్టుదల వల్ల వచ్చిందా? చెప్పలేం.

మరి ఎలా? వంద సీట్లకు రెండు వందల మంది అప్లై చేశారనుకోండి. అందరికీ ఎలాగూ ఇవ్వలేం. అప్పుడు అందరి ముందూ చీటీలు తీద్దాం. మన దగ్గర ఇళ్ల ప్లాట్లు కేటాయించేటప్పుడు లాటరీ తీస్తారు చూడండి, అలాగే. చీటీకి పట్టుదలా తెలియదు, మేనమామా తెలియదు. కాబట్టి చీటీ తగిలిన వంద మందీ, తగలని వంద మందీ సగటున ఒకేలా ఉంటారు. ఏడాది తర్వాత తగిలినవాళ్లలో 60 మందికి, తగలనివాళ్లలో 52 మందికి ఉద్యోగాలున్నాయనుకోండి. సెంటర్ వల్ల అదనంగా వచ్చినవి ఎనిమిదే. 20 లక్షల్ని ఎనిమిదితో భాగించండి. ఒక్కో ఉద్యోగానికి రెండున్నర లక్షలు. ఫ్లెక్సీ మీద 33 వేలు, లెక్కలో రెండున్నర లక్షలు. తేడా చూశారా?

దీన్నే రాండమైజ్డ్ ఎవాల్యుయేషన్ అంటారు. చీటీ తగలనివాళ్లని కంట్రోల్ గ్రూప్ అంటారు. మందులు పనిచేస్తాయో లేదో చూడటానికి వాడే పద్ధతినే పేదరికం మీద పనిచేసే పథకాలకు విస్తృతంగా వాడినందుకు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది.

అయితే ఇదంతా అమెరికా యూనివర్సిటీల వ్యవహారం అనుకోకండి. ఈ రంగంలో ప్రపంచమంతా చదివే కొన్ని పెద్ద స్టడీలు మన నేల మీదే జరిగాయి. మూడు చెప్తాను.

మొదటిది స్కూళ్లది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ప్రభుత్వ స్కూళ్లను లాటరీతో ఎంచి, పిల్లలకు నోటు పుస్తకాలు, స్టేషనరీ లాంటివి కొనడానికి గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. బాగుంది కదా? రెండో ఏడాది కూడా అదే గ్రాంటు ఇచ్చారు. ఈసారి మార్కుల్లో అదనపు లాభం కనిపించలేదు. ఎందుకని? మొదటి ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందు తెలియదు. రెండో ఏడాది తెలుసు. "స్కూల్లోనే పుస్తకాలిస్తున్నారు కదా, మనం ఎందుకు కొనాలి" అని ఇంటి ఖర్చు తగ్గించుకున్నారు. గ్రాంటు ఎంతో, ఇంట్లో దాదాపు అంత తగ్గింది. తప్పేం లేదు, ఏ ఇల్లాలైనా అలాగే చేస్తుంది. ఆ కుటుంబానికి డబ్బు మిగిలింది, అదీ మేలే. కానీ "గ్రాంటు ఇస్తే చదువు పెరుగుతుంది" అని మొదటి ఏడాది చూసి రిపోర్టు రాసేస్తే ఏమయ్యేది? ఎవాల్యుయేటర్‌కి ఓపిక ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది.

రెండోది హైదరాబాద్‌ది. స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ కొత్త బస్తీలకు విస్తరిస్తున్న రోజులవి. 104 బస్తీల్ని తీసుకుని, లాటరీతో సగం బస్తీల్లో ముందుగా లోన్లు మొదలుపెట్టారు. అప్పట్లో చిన్న లోన్లు పేదరికాన్ని పోగొడతాయని గట్టిగా నమ్మేవాళ్లున్నారు, అవి జనాన్ని ముంచేస్తాయనేవాళ్లూ అంతే గట్టిగా ఉన్నారు. స్టడీలో తేలింది రెండూ కాదు. అప్పటికే వ్యాపారం ఉన్న కొందరు దాన్ని పెంచుకున్నారు, కొందరు ఇంటికి కావాల్సిన పెద్ద వస్తువులు కొనుక్కున్నారు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అంటే మంచీ కాదు, చెడూ కాదు, "కొద్దిగా, కొందరికి". ఇలాంటి జవాబు టీవీ డిబేట్‌కి పనికిరాదు. కానీ నిజం చాలాసార్లు అలాగే ఉంటుంది.

మూడోది నాకు బాగా ఇష్టమైంది, కొంచెం వివరంగా చెప్తాను. ఉపాధి హామీ కూలి డబ్బులు, పింఛన్లు వేలిముద్ర పెట్టి తీసుకునే స్మార్ట్‌కార్డులు ఉమ్మడి రాష్ట్రంలో వచ్చాయి, గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉంటారు, ఇంట్లో నాయనమ్మని అడగండి. అంతకుముందు కూలి డబ్బుల కోసం పోస్టాఫీసు చుట్టూ తిరిగేవాళ్లు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి కార్డులు ముందు వెళ్లాలి, ఏ మండలానికి చివర్లో వెళ్లాలి అనేది లాటరీ తీశారు. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర. మొత్తం 157 మండలాలు, అక్కడి జనాభా దాదాపు కోటీ 90 లక్షలు. ఇంత పెద్ద స్థాయిలో ఇలాంటి స్టడీలు ప్రపంచంలో తక్కువ.

డబ్బు ఎక్కడ దారి మళ్లుతోందో ఎలా కనిపెట్టారు? ఉపాధి హామీ రికార్డులు పబ్లిక్‌గా దొరుకుతాయి. వాటిలోంచి జాబ్ కార్డులు తీసుకుని, ఆ ఇళ్లకు వెళ్లి అడిగారు. ఆ వారాల్లో ఎన్ని రోజులు పనికెళ్లారు, చేతికి ఎంత వచ్చింది అని. రికార్డుకీ ఇంటివాళ్లు చెప్పినదానికీ మధ్య తేడానే లీకేజీ.

రెండేళ్ల తర్వాత ఫలితాలు ఇవి. ముందు కార్డులొచ్చిన మండలాల్లో కూడా దాదాపు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి, అంటే అమలు అరకొరగానే ఉంది. అయినా కూలి డబ్బు తొందరగా అందింది, ప్రతిసారి డబ్బు తీసుకోవడానికి పట్టే టైమ్ 20 నిమిషాలకు పైగా తగ్గింది, ఉపాధి హామీలో లీకేజీ దాదాపు 41 శాతం తగ్గింది. పాత పద్ధతి బాగుందా, కొత్తది బాగుందా అంటే పదిలో తొమ్మిది మంది కొత్తదే అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. అదే సమయంలో పైకి వెళ్తున్న కబుర్లు వేరు. కార్డుల వల్ల ఇబ్బందులే అని ఫిర్యాదులు. కొత్త పద్ధతి వల్ల చేతివాటం ఆగిపోయినవాళ్లకు పైదాకా మాట చేరవేసే దారులున్నాయి. కూలి టైముకు అందుతున్న ఆవిడకు లేవు. ఆవిడ ఫోన్ చేసి "బాగుందండీ" అని ఎవరికి చెప్తుంది? ఒక దశలో మొత్తం ఆపేద్దామా అనే ఆలోచన వచ్చింది. అప్పుడు ఆ సర్వేలో వేలమంది చెప్పిన మాట లెక్కలోకి వచ్చింది, పథకం నిలబడింది. మూల్యాంకనం ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. గట్టిగా అరిచేవాళ్ల మాట ఎలాగూ వినపడుతుంది. అరవనివాళ్లు ఏమంటున్నారో లెక్కగట్టి పైకి చేర్చే పని ఇది.

"అయితే వేలిముద్ర మంచిదే అన్నమాట" అని వెంటనే అనుకోకండి. అదే ముగ్గురు పరిశోధకులు తర్వాత జార్ఖండ్ వెళ్లారు. అక్కడ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేయడాన్ని ఇలాగే పరీక్షించారు. వేలిముద్ర పెట్టినంత మాత్రాన అక్కడ లీకేజీ తగ్గలేదు. పైగా రేషన్ కార్డుకు ముందే ఆధార్ లింక్ కాని కుటుంబాలకు అందే సరుకు దాదాపు 10 శాతం తగ్గింది. అదే బొటనవేలు, వేరే ఫలితం. ఇక్కడ కార్డు లేనివాళ్లకు కూడా పాత దారి తెరిచే ఉంచారు, డబ్బు ఊళ్లోకే తెచ్చి ఇచ్చారు. అక్కడ వేలిముద్ర లేకపోతే సరుకు లేదన్నారు. అందుకే "టెక్నాలజీ పనిచేస్తుందా" అనే ప్రశ్నకు అర్థం లేదు. ఎక్కడ, ఎవరికి, ఏ రూల్స్‌తో అని అడగాలి. ఒక చోట తేలింది ఇంకో చోటికి మోసుకెళ్లేముందు మళ్లీ అడగాలి.

సరే, ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారు? వరసగా చెప్తాను.

మొదట పథకం దారి గీయడం. థియరీ ఆఫ్ చేంజ్ అంటారు. అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తే పిల్ల బరువు పెరగాలి. మధ్యలో ఎన్ని మెట్లున్నాయి? గుడ్డు సెంటర్‌కి రావాలి. పాడవకుండా ఉండాలి. పిల్ల ఆ రోజు రావాలి. ఆ గుడ్డు ఆ పిల్లే తినాలి. ఇంట్లో "అక్కడ తిన్నావు కదా" అని అన్నం తగ్గించకూడదు. పిల్లకు విరేచనాలు ఉండకూడదు. ఒక్క మెట్టు విరిగినా చివర బరువు పెరగదు. బరువు మాత్రమే కొలిస్తే పెరగలేదని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ప్రతి మెట్టు దగ్గరా ఏం కొలవాలో రాసుకోవడమే మొదటి పాఠం.

తర్వాత పోలిక. లాటరీ గురించి చెప్పుకున్నాం. లాటరీ అన్నిటికీ కుదరదు. రోడ్డు వేసేటప్పుడు చీటీలు తీయరు. అలాంటప్పుడు రూలునే వాడుకుంటారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో జనాభా 500 దాటిన ఊళ్లకు ముందు రోడ్డు అనే లాంటి హద్దులున్నాయి. 490 మంది ఉన్న ఊరికీ 510 మంది ఉన్న ఊరికీ పెద్ద తేడా ఉండదు కదా, ఒకదానికి రోడ్డు ముందొచ్చింది, ఇంకోదానికి రాలేదు. ఆ రెండు రకాల ఊళ్లను పోల్చిన స్టడీలో తేలిందేమిటంటే, రోడ్డు వచ్చాక కొంతమంది వ్యవసాయం వదిలి బయట పనులకు వెళ్లారు, కానీ ఊరి ఆదాయం మనం అనుకున్నంతగా ఏమీ మారలేదు.

ఆ తర్వాత శాంపిల్ ఎంత కావాలి, ఎవర్ని అడగాలి అనే లెక్కలు. లెక్కలంటే భయం వద్దు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె మొత్తం తినక్కర్లేదు. కానీ గరిటెతో కలపకుండా పైన ఒక్క మెతుకు పట్టుకుంటే మోసపోతాం. శాంపిలింగ్ పాఠం మొత్తం ఆ కలపడం గురించే.

ఇక నా క్లాసుల్లో ఎక్కువ టైమ్ పట్టేది ప్రశ్నలు రాయడం. "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" చాలా సులువైన ప్రశ్న కదా? ఊళ్లో అడిగి చూడండి. దుబాయ్‌లో ఉన్న కొడుకుని కలుపుతారు, కూతురి పురుడుకు వచ్చిన మనవణ్ణి కలుపుతారు, పక్క గదిలో వేరుగా వండుకునే అత్తగారిని ఒకరు కలుపుతారు, ఒకరు కలపరు. అందుకే "ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఎంతమంది" అని అడగడం నేర్పిస్తాం. జనాభా లెక్కల్లో కూడా కుటుంబం అంటే వంట ఒక్కటిగా ఉన్నవాళ్లే. "పోయిన ఆరు నెలల్లో ఎన్ని రోజులు పనికెళ్లారు" అంటే ఎవరికీ గుర్తుండదు. "సంక్రాంతి తర్వాత నుంచి" అంటే వేళ్ల మీద లెక్కపెడతారు. "మీ ఆదాయం ఎంత" అంటే రేషన్ కార్డు పోతుందేమో అని భయపడి తగ్గిస్తారు. ఏ పంట, ఎన్ని బస్తాలు, ఎంతకు అమ్మారు అని విడివిడిగా అడిగితే నిజానికి దగ్గరగా వస్తుంది.

ఎవరి ముందు అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. సర్పంచ్ గారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే పింఛన్‌లో ఎవరైనా తీసుకుంటున్నారా అనే ప్రశ్నకు జవాబు ఒకటే, "లేదండి, అంతా బాగుంది". అత్తగారి ముందు కోడల్ని ఆరోగ్యం గురించి అడిగితే కూడా అంతే. ఇవి ఏ ట్యాబ్‌లోనూ నమోదు కావు, వెళ్లిన మనిషికి తెలియాలి.

తర్వాత నైతికత. ముందు అనుమతి తీసుకోవాలి. "మీరు జవాబు చెప్పకపోయినా మీ పింఛను ఎక్కడికీ పోదు" అని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ట్యాబ్ పట్టుకుని ఎవరొచ్చినా ప్రభుత్వం మనిషే అనుకుంటారు. పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి వెళ్లకూడదు. కంట్రోల్ గ్రూప్ గురించి "కొందరికి ఇచ్చి కొందరికి ఆపడం న్యాయమా" అని మీకు అనిపిస్తే అది మంచి ప్రశ్న. పనిచేస్తుందని ముందే తెలిసినదాన్ని చీటీ తీసి ఆపడం తప్పు. అందరికీ ఒకేసారి ఇవ్వలేనప్పుడు, మేలు జరుగుతుందో లేదో తెలియనప్పుడే చీటీ న్యాయం.

చివర్లో డేటా. ఫోన్‌లో, ట్యాబ్‌లో సర్వే చేసే యాప్‌లు, ఎక్సెల్, తర్వాత స్టాటా లేదా ఆర్. ఆర్ ఫ్రీ. నింపిన ఫారాల్లో కొన్నింటిని తీసుకుని వేరే మనిషి మళ్లీ అదే ఇంటికి వెళ్లి కొన్ని ప్రశ్నలు అడుగుతాడు, బ్యాక్‌చెక్ అంటారు. చెట్టుకింద కూర్చుని ఫారాలు నింపేస్తే అక్కడ దొరికిపోతారు.

ఎక్కడ నేర్చుకోవాలి? అమెరికాలోని ఎమ్ఐటీలో 2003లో మొదలైన జే-పాల్ అనే సంస్థ 'ఎవాల్యుయేటింగ్ సోషల్ ప్రోగ్రామ్స్' అనే కోర్సు నడుపుతుంది. అధికారులకు, సంస్థల్లో పనిచేసేవాళ్లకు నేరుగా క్లాసులుంటాయి, ఆన్‌లైన్‌లో కూడా ఉంది. ఇంకా లోతుగా కావాలంటే ఎమ్ఐటీవాళ్ల ఆన్‌లైన్ మైక్రోమాస్టర్స్ ఉంది. పాఠాలు ఉచితంగా చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు, అదీ మీ ఆదాయాన్ని బట్టి. తేదీలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి చేరేముందు చూసుకోండి. మన హైదరాబాద్‌లోనే బేగంపేటలో సెస్, రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్‌డీ ఉన్నాయి. దేశంలో ఈ పని కొత్తది కూడా కాదు. 1952లోనే కేంద్రం పథకాల మూల్యాంకనానికి ఒక సంస్థ పెట్టింది. ఇప్పుడు ఆ పని నీతి ఆయోగ్‌లోని డీఎమ్ఈవో చూస్తోంది.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. మొదట్లో చాలావరకు కాంట్రాక్టు పనులే. ఎండలో తిరగాలి, సరైన బస్సు ఉండని ఊళ్లకు వెళ్లాలి, మధ్యాహ్నం భోజనం ఎక్కడో తెలియదు. కానీ ఇందులో మీకు ఒక బలం ఉంది. ఢిల్లీ నుంచో బోస్టన్ నుంచో వచ్చిన పీహెచ్‌డీకి "పొయ్యి" అనే మాట తట్టదు. ఆదిలాబాద్ మాటకీ శ్రీకాకుళం మాటకీ తేడా తెలిసినవాడు అడిగితేనే జనం నోరు విప్పుతారు. ఆ తెలుగుకి కొంచెం లెక్కలు, ఇంకొంచెం ఓపిక కలిపితే మీరు ఫీల్డ్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు. ప్రశ్నలు రాసే కుర్చీ దాకా వెళ్లొచ్చు.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఊళ్లో నడుస్తున్న ఏదైనా ఒక పథకం తీసుకోండి. కాగితం మీద నాలుగు లైన్లు రాయండి. ఒకటి, ఇది ఎవరికి ఏ మేలు చేయాలి? రెండు, మధ్యలో మెట్లు ఏవి? మూడు, ఇది లేకపోతే వాళ్లకు ఏమయ్యేది, అది తెలుసుకోవడానికి ఎవరితో పోల్చాలి? నాలుగు, దీని గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగని మనిషి ఎవరు? నాలుగో లైన్ రాశాక ఆ మనిషి దగ్గరికి వెళ్లి, సర్పంచ్ గారు పక్కన లేనప్పుడు, పది నిమిషాలు కూర్చుని వినండి. ట్రైనింగ్ అక్కడే మొదలవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో శాంపిల్ లెక్కలు కాగితం, పెన్నుతో చేసి చూపిస్తాను. అప్పటిదాకా ఉంటాను. నమస్కారం.